పబ్బు బయట స్వామి

"మాతా, ఆ ఫోల్డర్ కాస్త టేబుల్ మీద పెడతారా? నేను తీసుకుంటాను."

మేధ వెనక్కి తిరిగి చూసింది, పెద్దావిడ ఎవరైనా వచ్చిందేమోనని. నోవై ఊరి చరిత్ర సంఘం వాళ్ళ ఆ ఇరుకు గదిలో తామిద్దరూ, ఒక పాత హీటరూ తప్ప ఇంకెవరూ లేరు.

ఎదురుగా రుత్విక్ నిలబడి ఉన్నాడు. నల్ల చొక్కా, నల్ల పంచె, పంచె కింద మంచుకు తడిసిన బూట్లు. మెడలో మాల. నుదుట చందనం. గడ్డం వారం రోజులది.

"మాతా ఎవరు? నేనా?"

"మీరే మాతా."

"మీరు అంటున్నావా నన్ను? లాస్ట్ ఫ్రైడే 'మొద్దూ' అన్నావ్!"

"అది లాస్ట్ ఫ్రైడే స్వామీ." నాలుక కరుచుకున్నాడు. "సారీ. మాతా."

మేధ ఫోల్డర్‌ని టేబుల్ మీద పెట్టలేదు, పడేసింది. నూట యాభై ఏళ్ళనాటి హోటళ్ళ ఫొటోలు చెల్లాచెదురయ్యాయి. అతను వంగి ఒక్కొక్కటీ ఏరి వరుసగా పేర్చాడు. ఆమె వంక మాత్రం చూడలేదు.

ఇంతకూ ఆ లాస్ట్ ఫ్రైడే కథ చెప్పాలి.

ఊరి మీదుగా పోయే గ్రాండ్ రివర్ రోడ్డు మీద చెక్కపలకలు పరిచి ఉన్న కాలంలో, బండ్లవాళ్ళు రాత్రి ఆగడానికి దారి పొడుగునా సత్రాలూ సారా కొట్లూ ఉండేవట. వాటిలో ఏవి మిగిలాయి, ఏవి కాలిపోయాయి, ఏవి పిజ్జా షాపులయ్యాయి అని చరిత్ర సంఘం వాళ్ళు ఒక చిన్న పుస్తకం వేస్తున్నారు. మేధ అక్కడే పుట్టి పెరిగిన పిల్ల. కార్ల కంపెనీలో మాన్యువల్స్ రాస్తుంది, శనివారాలు సంఘానికి ఊరికే పనిచేస్తుంది. రుత్విక్‌ది జగిత్యాల. మాస్టర్స్ చేసి, బ్రేకుల సాఫ్ట్‌వేర్ రాసే ఉద్యోగంలో ఉన్నాడు. చుక్క తాగడు కానీ ఏ పబ్బు ఏ ఏడు తెరిచారో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. ఆగస్టులో పాత పేపర్ల రీళ్ళు చూసే మిషన్ కోసం ఇద్దరూ పోట్లాడుకున్నారు. సెప్టెంబర్‌లో వంతులు వేసుకున్నారు. అక్టోబర్ వచ్చేసరికి మిషన్ ముందు ఒక్క కుర్చీ పక్కన రెండో కుర్చీ చేరింది.

నవంబర్ పద్నాలుగు శుక్రవారం, గ్రే హెరాన్ టావెర్న్ అనే పాత పబ్బులో, బయట జోరున వాన పడుతుంటే, మేధ ధైర్యం చేసింది.

"రుత్విక్, నెక్స్ట్ సాటర్డే లిస్ట్‌లో పబ్ ఏదీ లేకుండా కలుద్దామా? జస్ట్ మనం?"

అల్లం సోడా అతనికి పొలమారింది. "ఒక్క నిమిషం," అని కోటు కూడా లేకుండా వానలోకి పరిగెత్తాడు. కిటికీలోంచి మేధకు అంతా కనబడుతూనే ఉంది. ఎవరికో ఫోన్ చేశాడు. అటూ ఇటూ తిరిగాడు. ఆకాశానికి దణ్ణం పెట్టాడు. తడిసి ముద్దై లోపలికొచ్చి, పెదవులు చెవుల దాకా సాగదీసుకుని, "నేను సండే తర్వాత చెప్తా," అన్నాడు.

ఆదివారం సాయంత్రం మెసేజ్ వచ్చింది. 'అయ్యప్ప మాల వేసుకున్నాను. డిసెంబర్ 27 వరకు దీక్ష. తర్వాత మాట్లాడదాం.'

ఫ్రెండ్ అవనికి చూపిస్తే ఆమె ఒక్క చూపులో తేల్చేసింది. "ఇట్స్ ఓవర్, మేధా. ఇక్కడి అబ్బాయిలు ఐ నీడ్ స్పేస్ అంటారు. మనవాళ్ళు దేవుణ్ణి అడ్డం పెట్టుకుంటారు."

"కానీ నవ్వాడే! తడిసిపోయి మరీ నవ్వాడు."

"భయంతో కూడా నవ్వుతారు."

నవ్వు నిజమా, మాల నిజమా? మేధకు పాలుపోలేదు. పైగా దేశానికి ఆ చివరనున్న సన్నీవేల్‌లో ఒక కంపెనీ నుంచి ఆఫర్ వచ్చి ఉంది. డిసెంబర్ పదిహేను సోమవారంలోగా జవాబు చెప్పాలి. అతను ఒక్క మాట అంటే ఉండిపోదామనుకుంది. అతనేమో ఇరవై ఏడు దాకా నోరు విప్పడు.

*

స్వామికి పబ్బులోకి వెళ్ళడం కుదరదు. అయినా పుస్తకం పని మానలేదు. ప్రతి శనివారం బయట పార్కింగ్‌లో కార్‌లో కూర్చునేవాడు. మేధ లోపల, ఫోన్ స్పీకర్‌లో అతను.

"కౌంటర్ కింద చెక్క ఏ రంగు, మాతా?"

"బ్రౌన్."

"అన్ని చెక్కలూ బ్రౌనే మాతా. ఓక్‌నా, చెర్రీనా?"

"నాకేం తెలుసు! వచ్చి చూసుకో."

"రాలేను కదా."

"నేను రమ్మంటే రావు. పొమ్మంటే పోవు. వాట్ డు యు వాంట్?"

అవతల అతను కారు హీటర్ పెంచిన చప్పుడైంది. "ముందు చెక్క సంగతి చూడండి, మాతా."

గ్రే హెరాన్ నడిపే మార్జ్‌కు డెబ్బై ఏళ్ళుంటాయి. గ్లాసు తుడుస్తూ అడిగింది. "గంట నుంచి ఆ అబ్బాయి కార్‌లోనే ఉన్నాడు. మీ డ్రైవరా?"

"కాదు. నలభై ఒక్క రోజుల వ్రతం. పబ్‌లోకి రాకూడదు."

"ఓ, లెంట్ లాంటిదన్నమాట." మార్జ్ తల ఊపింది. "మా నాన్నా అంతే. ఈస్టర్ దాకా విస్కీ ముట్టేవాడు కాదు. ఇంట్లో అందరం ఎంత సుఖపడేవాళ్ళమో!"

కొత్త పేపర్ కప్పు ప్యాకెట్ చింపి, వేణ్ణీళ్ళు పోసి, నిమ్మచెక్క వేసింది. కోటు తొడుక్కుని, మంచులో జారకుండా అడుగులో అడుగేసుకుంటూ వెళ్ళి, కారు అద్దం మీద తట్టి ఇచ్చి వచ్చింది. కిటికీలోంచి మేధ చూసింది. రుత్విక్ ఆ కప్పును రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు మూసుకుని ఆవిరి పీలుస్తున్నాడు.

కోపంగా ఉన్న మనిషి మీద జాలి పడాల్సి రావడం ఎంత చిరాకో మేధకు ఆ రోజే తెలిసింది.

*

ఇది చాలదన్నట్టు మేధ తల్లి శాంతి, డిసెంబర్ ఏడు ఆదివారం స్వాములను ఇంటికి భిక్షకు పిలిచింది. కూతురి మనసులో ఏముందో ఆవిడకు తెలియదు. గురుస్వామి పద్మనాభం గారు, వెనకాల ఐదుగురు స్వాములు. ఐదోవాడు రుత్విక్.

"మేధా, స్వాములందరికీ కాళ్ళకి దణ్ణం పెట్టు."

"అందరికీనా?"

"దీక్షలో ఉన్నవాళ్ళు దేవుడితో సమానమే. పెట్టు."

మేధ గురుస్వామికీ, మొదటి నలుగురికీ భక్తిగా పెట్టింది. ఐదో స్వామి పాదాల ముందుకు వచ్చేసరికి ఒళ్ళు మండిపోయింది. తను డేట్‌కి పిలిచిన అబ్బాయి కాళ్ళకి, కన్నతల్లి చూస్తుండగా, వంగి దణ్ణం పెట్టాలి! పళ్ళు బిగబట్టి వంగింది. రుత్విక్ నిప్పు తొక్కినవాడిలా వెనక్కి గెంతి షూ ర్యాక్ మీద పడ్డాడు. చెప్పులన్నీ జలజలా రాలాయి.

"స్వామియే శరణమయ్యప్ప!" అన్నాడు ఒక స్వామి, ఏమనాలో తోచక.

భోజనాలయ్యాక పద్మనాభం గారు వంటగదిలోకి వచ్చి, వద్దంటున్నా వినకుండా తన గ్లాసు తానే కడుక్కుంటున్నారు. రిటైరైన ఎలక్ట్రికల్ ఇంజనీరు. మేధ ఆగలేకపోయింది.

"అంకుల్, ఎవరైనా మాల ఎందుకు వేసుకుంటారు?"

"కొందరు ఏదైనా కావాలని వేసుకుంటారమ్మా. కొందరు అందినందుకు వేసుకుంటారు."

"రుత్విక్?"

ఆయన గ్లాసు బోర్లించి, చేతులు తుడుచుకుని, ఆమె ముఖం చూశారు. ఏం కనబడిందో, గొంతు తగ్గించారు. "ఎవరి మొక్కు వాళ్ళు చెప్పుకోవాలి. ఒకటి మాత్రం చెప్పగలను. కోరికతోనా, మొక్కు తీర్చడానికా అని అడిగాను. తీర్చడానికే అన్నాడు."

"ఏం తీరింది తనకి?"

"వానలో నిలబడి ఫోన్ చేశాడమ్మా. సగం మాటలు నాకు వినపడలేదు." నవ్వారు. "అడుగు. స్వామి అబద్ధం ఆడడు."

"మొక్కు బయటికి చెప్పకూడదంటారుగా?"

"తీరకముందు చెప్పకూడదంటారు. తీరాక దాచుకోవడం దేనికి?"

*

పదమూడో తారీఖు, శనివారం. జవాబుకు ఇంకా రెండు రోజులే ఉన్నాయి. గ్రే హెరాన్ పార్కింగ్‌లో మంచు పడుతోంది. మేధ పబ్బులోకి వెళ్ళలేదు. నేరుగా వచ్చి రుత్విక్ కారు వెనక తలుపు తీసి, ఉబర్ ఎక్కినట్టు ఎక్కి కూర్చుంది. రికార్డర్ ఆన్ చేసి సీట్ల మధ్యలో పెట్టింది.

"ఏంటిది మాతా?"

"ఓరల్ హిస్టరీ. పాత కస్టమర్ల ఇంటర్వ్యూలు మిగిలాయి కదా. ఇవాళ నీది. పేరు?"

"రుత్విక్... స్వామి."

"ఈ టావెర్న్‌కి ఫస్ట్ టైమ్ ఎప్పుడు వచ్చారు?"

"ఆగస్టు ముప్పై."

"పర్పస్?"

"కౌంటర్ కొలతలు తీసుకోవడానికి."

మేధ అద్దంలోకి చూసింది. అద్దంలో అతని కళ్ళు పక్కకు తప్పుకున్నాయి.

"స్వామి అబద్ధం ఆడకూడదట."

"...మీరు వస్తారని తెలిసి వచ్చాను. కొలతలు కూడా తీసుకున్నాను."

"నవంబర్ పద్నాలుగున వానలోకి ఎందుకు పరిగెత్తారు?"

"గురుస్వామికి ఫోన్ చెయ్యడానికి. ఈ ఆదివారమే మాల వెయ్యమని అడగడానికి."

"మొక్కు ఏంటి?"

"అది చెప్తే ఫలించదంటుంది మా నానమ్మ."

"తీరకముందు మాత్రమేనట. అంకుల్‌ని అడిగా. నీది తీరిందిగా?"

రుత్విక్ స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు. ఆపిన కారుకు స్టీరింగ్ ఎందుకో మరి.

"సెప్టెంబర్‌లో మొక్కుకున్నా. మిమ్మల్ని అడిగే ధైర్యం లేదు నాకు. మీ అంతట మీరే ఒక్క మాట అంటే, ఆలస్యం చెయ్యకుండా మాల వేసుకుంటానని. మీరన్నారు. ఆ ఆదివారమే దీక్షలు మొదలు. అది దాటిస్తే మళ్ళీ ఏడాది. మొక్కు బాకీ పెట్టుకుని మీతో తిరగాలంటే భయమేసింది. ఇచ్చిన దేవుడు వెనక్కి తీసుకుంటాడేమోనని."

మేధ సీట్ల మధ్యలోంచి ముందుకు వంగింది.

"వెయిట్. అంటే నేను అడిగినందుకు, గాడ్‌కి థాంక్స్ చెప్పడానికి, నాతోనే మాట్లాడకుండా ఫార్టీ వన్ డేస్..."

"అవును." దిగులుగా ఒప్పుకున్నాడు. "ఆ లెక్క నేను ముందు చూసుకోలేదు."

మేధకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "నెల రోజులు, రుత్విక్. నువ్వు నాకు నో చెప్పావనుకున్నా. సన్నీవేల్‌లో జాబ్ వచ్చింది. సోమవారం చెప్పాలి."

అతను మొదటిసారి వెనక్కి తిరిగాడు. మళ్ళీ చప్పున ముందుకు తిరిగాడు. అద్దంలో ముఖం పాలిపోయింది.

"లాస్ట్ క్వశ్చన్," అంది మేధ. "నేను వెళ్ళాలా?"

"ఈ ప్రశ్న ఫారంలో లేదు, మాతా."

"ఆన్సర్ చెయ్యి."

వైపర్లు రెండుసార్లు మంచు తోశాయి. మూడోసారి తోశాయి.

"వద్దు," అన్నాడు. "దీక్షలో ఉండి ఇలా కోరుకోకూడదు. అయినా అడిగారు కాబట్టి చెప్పాను. ఇంకోటి. ఆ ఉద్యోగం మీకు ఇష్టమైతే వెళ్ళండి. ఇదీ నిజమే. రెండూ నిజాలే. ఏది పెద్దదో నాకు తెలీట్లేదు."

మేధ రికార్డర్ ఆపింది.

సోమవారం పొద్దున్నే సన్నీవేల్‌కు రెండు వాక్యాల మెయిల్ రాసింది, ఇంకొంచెం గడువు కావాలని. పది నిమిషాల్లో జవాబు వచ్చింది: తప్పకుండా, జనవరి ఐదు దాకా ఆలోచించుకోండి, హ్యాపీ హాలిడేస్. అడిగితే ఇంత తేలిగ్గా ఇస్తారని తెలియక, నెల రోజులు ఆ తేదీ చుట్టూ నిద్ర మానుకుని తిరిగిందామె.

*

ఇరవై ఏడున గుడిలో ఇరుముడి పూజ అయింది. పద్మనాభం గారు ఒక్కొక్కరి మెడలోంచీ మాల తీస్తున్నారు. శాంతి ప్రసాదాల దగ్గర నిలబడి కూతుర్నీ, ఐదో స్వామినీ మార్చి మార్చి చూస్తోంది. ఎవరూ ఆవిడకేమీ చెప్పలేదు. షూ ర్యాక్ పడిన రోజు నుంచీ ఆవిడే లెక్కలు కట్టుకుంటోంది.

"బాబూ," అంది రుత్విక్‌ని పిలిచి, "రేపు మధ్యాహ్నం ఇంటికి రా. మా ఆయనకి నీతో తీరిగ్గా మాట్లాడాలనుందట. బెదరకు. ఆయన మాట్లాడేదల్లా క్రికెట్ గురించే."

మేధ అప్పటికే బయటికి నడిచింది. మెట్ల దగ్గర రుత్విక్ అందుకున్నాడు. బోసిపోయిన మెడను చేత్తో తడుముకుంటున్నాడు.

"మేధా."

పేరులో ఇంత చలి కాచుకోవచ్చని ఆమెకు తెలియదు. వెంటనే పలకలేదు, ఇంకోసారి పిలుస్తాడేమోనని.

"మేధా, సన్నీవేల్?"

"నో చెప్పేశా. నిన్న."

"నిన్ననా? నేను మాల తీసి అడగకముందేనా?"

"నువ్వు అడిగాక చెప్తే నీ కోసం అవుతుంది. తర్వాత ఎప్పుడైనా ఫైట్ వస్తే నీ మీద పడేస్తా. ఐ నో మైసెల్ఫ్."

"మరి ఎవరి కోసం?"

"పదకొండు పబ్స్ మిగిలాయి. మార్జ్ వాళ్ళ నాన్న కథ ఇంకా పూర్తి కాలేదు. అక్కడ జాబేమో యాప్‌లో బటన్‌లకి పేర్లు పెట్టడం." గ్లవ్ సర్దుకుంది. "నీ కోసం కూడా. కొంచెం."

"ఎంత కొంచెం?"

"ఓవర్ చెయ్యకు."

అతను నవ్వాడు, అంతలోనే నవ్వు ఆపుకున్నాడు. "బాధగా లేదా? మంచి ఆఫర్ కదా."

"ఉంది. రేపు ఇంకా ఎక్కువ అవుతుందేమో. తెలీదు."

"ఎక్కువైతే నాకు చెప్తావా?"

'చెప్తారా' అనలేదు. మేధ గ్లవ్ తీసేసి, మంచులో ఎర్రబడిన అతని చెయ్యి పట్టుకుంది.

"చెప్తా. కానీ ఈసారి వింటూ ఉండాలి. వానలోకి పరిగెత్తకూడదు."