గడియారాల సందులో గ్రూపు ఫొటో

గడియారాల సందులో కెమెరా బయటికి తీయకూడదని ఆ ఊళ్ళో పాలు తాగే పిల్లాడికి కూడా తెలుసు. చెత్తకుండీ పక్కన నిలబడి కూడా సెల్ఫీలు దిగే కుర్రాళ్ళు, ఆ మలుపు తిరగ్గానే ఫోన్లు బుద్ధిగా జేబులో పెట్టేసుకునేవారట. ఎందుకంటే… అక్కడ ఫొటో తీస్తే ఇప్పటి మనుషులు పడరు. ఆ రోజు వచ్చినవాళ్ళు పడతారు.

సందు చివర ఒకప్పుడు గడియారాలు బాగుచేసే ఆయన దుకాణం ఉండేది. ఇప్పుడు మసిబారిన గోడ ఒక్కటే మిగిలింది. తాతల కాలంలో ఒకరోజు, ఆయన పిల్లల్ని ఎత్తుకుపోతున్నాడని ఎవరో పుకారు లేపారు. గుంపు వచ్చి పడింది. ఆయన్ని కొట్టి చంపి, దుకాణం తగలబెట్టింది. కనపడకుండా పోయిన పిల్లాడు సాయంత్రానికల్లా మేనత్త ఇంట్లో నిద్రపోతూ దొరికాడు.

ఎవరు చేశారంటే పెద్దవాళ్ళందరిదీ ఒకటే మాట — "బయటూరి వాళ్ళు." అంతమంది బయటూరి వాళ్ళకి ఈ ఇరుకు సందు ఎలా దొరికిందో మాత్రం ఎవరూ చెప్పరు.

స్టూడియో నడిపే అమ్మాయికి దెయ్యాలంటే నమ్మకం లేదు. లేదనే చెప్పుకునేది. ఆ స్టూడియో వాళ్ళ తాతది. ఆమెను పెంచిందీ, కెమెరా పట్టుకోవడం నేర్పిందీ ఆయనే. ఆయన పోయాక, ఊరికి పెద్దదిక్కుగా బతికిన మనిషని టౌన్‌హాల్లో ఫొటో పెడదామన్నారు. రేపే. ఆమె దానికి ఫ్రేము బిగిస్తుంటే ఒక ముసలావిడ మెట్లెక్కి వచ్చింది. గడియారాలాయన కూతురట.

"మీ తాత ఆ రోజు ఎక్కడున్నాడమ్మా?" అంది.

అంతే. జవాబు కోసం కూడా ఆగకుండా దిగి వెళ్ళిపోయింది.

ఆ మాట ముల్లులా గుచ్చుతూనే ఉంది. ఇంటికెళ్ళి అమ్మని అడిగితే, "పోయినవాళ్ళ సంగతులు ఇప్పుడు తవ్వుతావెందుకే?" అని అమ్మ స్టవ్వు వైపు తిరిగిపోయింది. తాత ఆ గుంపులో ఉంటే రేపు ఆ ఫొటో పెట్టనివ్వకూడదు. లేకపోతే ఆ ముసలావిడ ముందు తలెత్తుకుని నిలబడొచ్చు. తేల్చుకోవడానికి ఒక్కటే దారి కనిపించింది. దెయ్యాల్లేవన్న మనిషి, చీకటి పడ్డాక కెమెరా భుజాన వేసుకుని బయల్దేరింది.

సందులో దీపం లేదు. వెంట వస్తున్న వీధికుక్క మలుపు దగ్గరే ఆగిపోయింది. స్టాండు నిలబెట్టింది. గోడ మీదికి గురి చూసి నొక్కింది. ఫ్లాష్ మెరిసింది. గోడే. ఉత్త గోడే.

కెమెరా తెర వైపు చూసింది.

గోడ లేదు… మనుషులున్నారు. వరుసలు వరుసలుగా.

మధ్యలో ఒక కుర్చీ, కుర్చీలో గడియారాలాయన. తల వాలిపోకుండా వెనకనుంచి ఎవరిదో చెయ్యి ఆయన జుట్టు పట్టుకుని ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళలో ఒక్కడు కూడా బయటూరివాడు కాదు. మందుల షాపాయన ముక్కు, లెక్కల మాస్టారి నుదురు, ఎదురింటివాళ్ళ సొట్టబుగ్గలు… రోజూ చూసే పోలికలే.

ఆమె మాత్రం ఒక్క మొహం కోసమే వెతుకుతోంది. తెరని పెద్దది చేసింది. ముందు వరుస… లేడు. రెండో వరుస… లేడు. చివర్లో తలలు మాత్రమే కనిపిస్తున్న పొడుగువాళ్ళు… వాళ్ళలోనూ లేడు.

తాత లేడు!

గుండెల మీంచి బండ దిగినట్టయింది. పైకే నవ్వేసింది. చచ్చిన మనిషి కళ్ళెదుట ఉండగా నవ్వింది. మరుక్షణం తల కొట్టేసినట్టయి, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. కెమెరా కట్టేద్దామని వేలు చాపి… ఆగింది.

పొట్టివాళ్ళు ముందు. పొడుగువాళ్ళు వెనక. ఒకరి మొహానికి ఇంకొకరి భుజం అడ్డం రాలేదు. అంచుల్లో ఉన్నవాళ్ళు కొంచెం లోపలికి తిరిగి ఉన్నారు. మనిషిని చంపి వగరుస్తున్న గుంపు తనంతట తాను ఇంత పద్ధతిగా నిలబడుతుందా? ఎవరో ఓపిగ్గా సర్దారు. బడి పిల్లల్ని సర్దినట్టు సర్దారు.

పైగా వాళ్ళెవరూ గడియారాలాయన్ని చూడటం లేదు. అందరూ ఇటే… ఆమె నిలబడ్డ చోటికే… చూస్తున్నారు.

ఇన్నేళ్ళుగా ఫొటోలు తీస్తూ, ఫొటో తీసినవాడు ఫొటోలో ఉండడన్న సంగతే మరిచిపోయింది.

అప్పుడే చెవి పక్కన, ఊపిరి తగిలేంత దగ్గర్లో, మెల్లగా ఒక గొంతు. ఏడ్చే పసిపిల్లల్ని నవ్వించి ఫొటో తీసే గొంతు. ఆమెను జోకొట్టి పెంచిన గొంతు.

"కదలకండి బాబూ… ఇంకొక్కటి తీస్తాను. మధ్యలో ఆయన కళ్ళు మూసేశాడు."

కెమెరా ఎలా తీసుకుందో, ఇంటికెలా చేరిందో ఆమెకే తెలియదు. తెల్లారి చూస్తే అందులో ఉత్త గోడే ఉంది. చూపించడానికి ఏమీ లేదు. అయినా టౌన్‌హాల్ చైర్మన్ గారి గదికి వెళ్ళి, తాత ఫొటో పెట్టొద్దని చెప్పింది. ఎందుకో కూడా తల దించుకునే, ఒక్క మాట దాచకుండా చెప్పింది. తిడతాడనుకుంది. పిచ్చిపట్టిందా అంటాడనుకుంది.

ఆ పెద్దాయన లేచి వెళ్ళి తలుపు గడియ పెట్టి వచ్చాడు. ఆమె పక్క కుర్చీలో కూర్చుని, ఆమె మొహం చూడలేక బల్ల వైపే చూస్తూ, గుసగుసగా అడిగాడు —

"మా నాన్న… ఏ వరుసలో ఉన్నాడమ్మా?"