వంద వాట్లు ఎక్కువ

కూడికలు వస్తే చాలు, కంప్యూటరుకి పవర్ సప్లై ఎంచుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను.

జనవరిలో మా చెల్లెలు ఇంద్రజని చూడ్డానికి ఢిల్లీ వెళ్ళాను. సరోజినీ నగర్‌లో గవర్నమెంటు క్వార్టర్సు. మేనకోడలు ప్రణతి ఒక గేముల కంపెనీకి సోమవారం పొద్దున్నకల్లా ఏదో పని చేసి పంపాలి. నచ్చితే ఉద్యోగం. లేదంటే మూడోసారి ముఖర్జీ నగర్‌లో సివిల్స్ కోచింగు. ఆ మాట వింటేనే పిల్ల మొహం వాడిపోయేది.

శనివారం ఇద్దరం తిరిగి తిరిగి, ఆ పనికి కావాలని ఎవరో వాడేసిన గ్రాఫిక్స్ కార్డు కొన్నాం.

"బఢియా మాల్, మంచి సరుకు అంకుల్జీ. దీని ఓనరు ఇక గేములు ఆడడు," అన్నాడు షాపతను.

ఎందుకాడడని అడగాల్సింది. కాళ్ళు పీకుతున్నాయి. అడగలేదు.

కార్డుకి రెండొందల ఇరవై వాట్లు, ప్రాసెసరుకి నూట పది, ఫ్యాన్లూ అవీ డెబ్భై. మొత్తం నాలుగొందలు. నాలుగొందల యాభై వాట్ల పవర్ సప్లై చాలన్నాను.

"పక్కా? ఇది మీ బ్లాక్‌బోర్డు కాదు, మామయ్యా!"

"లెక్క ఎక్కడైనా లెక్కే, పద."

ఆదివారం మధ్యాహ్నం. కిటికీ అవతల తెల్లటి పొగమంచు, గదిలో పగలే దీపం. మిషను పది నిమిషాలు నడిచేది, ఠప్పున ఆరిపోయేది. మళ్ళీ. మళ్ళీ. చివరికి గోడ ప్లగ్గుకి వాట్లు చూపించే మీటరు పెట్టాం. ఐదొందలు.

"ఈ వంద ఎక్కణ్ణుంచొచ్చింది?"

"ఒక్కొక్కటీ తీసేసి చూద్దాం. తప్పు అదే దొరుకుతుంది." ముప్ఫై ఏళ్ళుగా బళ్ళో చెప్పేదే.

కార్డు తీశాం. ఫ్యాన్లు తీశాం. వేడెక్కిన దుమ్ము వాసన. దాని అడుగున ఎవరిదో తలనూనె వాసన... ఆఖరికి మీటర్లోంచి వైరే పీకేశాను.

మీటరు వంద చూపిస్తోంది.

"దానికేం తగిలించి లేదు కదా..." గొణిగింది ప్రణతి.

నా చెయ్యి పక్కనున్న ఖాళీ కుర్చీకి తగిలింది. వెచ్చగా ఉంది. పొద్దుట్నుంచీ అందులో ఎవరూ కూర్చోలేదు.

ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి సుమారు వంద వాట్ల వేడి వస్తుంది. పిల్లలకి ఏటా చెబుతాను. చెప్పబోయాను...

"రేపే సోమవారం, మామయ్యా. ప్లీజ్."

"సరే. ఆ వందకి కూడా చోటు పెడదాం."

అలసిన మనిషి అంతే. లెక్క కుదరకపోతే కాయితం పెద్దది తెచ్చుకుంటాడు. సాయంత్రానికి ఆరొందల యాభై వాట్లది తెచ్చి బిగించాం. మిషను ఇక ఆరలేదు. ప్రణతికి ఉద్యోగం వచ్చింది. నేను ఊరెళ్ళిపోయాను.

నెల తిరక్కుండా ఇంద్రజ ఫోను. గొంతు బాగా దించి మాట్లాడుతోంది.

"దాని గదిలో హీటరే అక్కర్లేదన్నయ్యా, అంత వెచ్చన. పిల్ల ఒళ్ళు మాత్రం మూడు రజాయి దుప్పట్లు కప్పినా ఐసుగడ్డే. థర్మామీటరు పెట్టాను... పాదరసం కదల్లేదు."

"మరి అంత పని చేయనివ్వకు. ఇక్కడికే వినిపిస్తోంది, కీబోర్డు టకటక."



"అది నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకుందన్నయ్యా..."

అవతల టకటక ఆగిపోయింది.