వీధి చుట్టూ తిరిగిన పెట్టె

ఆ ఆదివారం పొద్దున ఒటీలియా వంటింట్లో ఒక పక్క బెల్లం నీళ్ళు మరగబెడుతూ, ఇంకో పక్క చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. కొండల మీద ఉన్న మా దుయితామాలో ఆ వేళకు మంచు ఇంకా విడవదు. భుజాల మీద ఉన్ని శాలువా, చేతిలో వేడి ఇస్త్రీ పెట్టె, ఎదురుగా నారింజ రంగు చొక్కాల గుట్ట. అన్నిటి మీదా ముందువైపు కొబ్బరిచెట్టు, దాని కింద "సముద్రంలో కార్దెనాస్ కుటుంబం" అన్న అక్షరాలు, వెనకవైపు ఒక్కో చొక్కాకు ఒక్కో పేరు. మా ఊళ్ళో నలుగురు కలిసి ఎక్కడికి బయల్దేరినా ముందు చొక్కాలు అచ్చువేయించాలి. టిక్కెట్లు ఆ తర్వాతే.

"వదినా, మీ చేతి ఇస్త్రీకి తిరుగులేదు. కాస్త చూసి పెడుదురూ!" అని పొద్దున్నే ఆ గుట్ట తెచ్చి పడేసి పోయింది యామిలే. ఆమె ఒటీలియా తమ్ముడు అర్నుల్ఫో భార్య. ఏదైనా పని చెప్పాల్సి వచ్చినప్పుడు ఆమె గొంతులో తేనె కారుతుంది.

ఒటీలియా ఒక్కొక్క చొక్కా తిప్పి పేరు చూసి ఇస్త్రీ చేసింది. అర్నుల్ఫో. యామిలే. మేనకోడలు కరోల్. యామిలే అన్న, వదిన, వాళ్ళ పిల్లలు. తర్వాత ఎస్తీవెన్ అని వచ్చింది. నిన్న గాక మొన్న కరోల్ వెంట తిరగడం మొదలుపెట్టిన కుర్రాడు వాడు. వాడికీ చొక్కా ఉందని ఒటీలియా నవ్వుకుంది. తనది అడుగున ఉండి ఉంటుంది. పెద్దవాళ్ళవి కింద పెట్టారేమో.

గుట్ట తరిగింది. అడుగున ఉన్నది బల్ల.

ఆమె బల్ల కింద చూసింది. కుర్చీ వెనక చూసింది. ఇస్త్రీ చేసినవాటిని మళ్ళీ విప్పి ఒక్కొక్క పేరూ చదివింది. అప్పటికి బెల్లం నీళ్ళు పొంగి పొయ్యి మీద పడ్డాయి.

శాన్ ఆంద్రేస్ దీవికి వెళ్ళాలన్న మాట ఆ ఇంట్లో పుట్టి చాలా కాలమైంది. ప్రతి ఆదివారం భోజనాల దగ్గర అదే కబురు. ఏ హోటల్, ఎవరు ఏ గదిలో, అడుగున అద్దం ఉన్న పడవ ఎక్కాలా వద్దా, కరోల్ తల నిండా పూసల జడలు వేయించుకోవాలా వద్దా. ఒటీలియా వడ్డిస్తూ తన ముక్క తనూ కలిపేది. "దారిలోకి కోడి, బంగాళాదుంపలు ఆకుల్లో కట్టిస్తాను" అంటే అందరూ పడీ పడీ నవ్వేవాళ్ళు. "విమానంలో కోడి విప్పుతావా అత్తా?" అని కరోల్ ఏడిపించేది. నువ్వు వస్తున్నావని ఆమెతో ఎవరూ అనలేదు, రావడం లేదనీ అనలేదు. సొంత ఇంట్లో మనిషిని పిలుస్తారా ఏమిటి అనుకుంది ఒటీలియా. తల్లి పోయాక ఆ తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచింది తనే. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా వాడి చదువు అయ్యాక చూద్దామంది. చదువు అయింది, వాడు బస్సులకు బాడీలు కట్టే షెడ్డు పెట్టాడు, వాడికి పెళ్ళయింది. ఆమె పెళ్ళి మాట ఎత్తే మనిషి ఆ ఇంట్లో మిగల్లేదు.

ఆమెకు ఒక్క కోరిక ఉండేది. సముద్రం చూడాలి. కొత్త సంవత్సరం వచ్చే ఘడియలో ఖాళీ పెట్టె పట్టుకుని వీధి చుట్టూ ఒక్క చుట్టు తిరిగితే ఆ ఏడు ప్రయాణం తప్పదని మా నమ్మకం. పన్నెండు ద్రాక్షపళ్ళు నోట్లో వేసుకుని ఊరంతా పెట్టెలతో పరుగులు తీస్తుంది. ఒటీలియాకు ఒక గోధుమరంగు తోలు పెట్టె ఉంది, తండ్రిది. వయసులో ఉన్నప్పటి నుంచి ఆమె దాన్ని దాదాపు ప్రతి ఏడూ తిప్పుతూ వచ్చింది. ఆ పెట్టె మా వీధి దాటి ఎక్కడికీ పోలేదు.

మధ్యాహ్నం భోజనాలకు అందరూ కూర్చున్నారు. ముందుగది కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో బెరెనీసె ఉంది. యామిలేకు తల్లి. పక్షవాతంతో కాళ్ళు పోయాయి, నోరు మాత్రం నిక్షేపంగా ఉంది. ఆమెకు నీళ్ళు పోసేది, తిండి పెట్టేది, తడిసిన గుడ్డలు మార్చేది ఒటీలియాయే. కన్న కూతురు వాసన పడదని ముక్కు మూసుకుని గుమ్మంలోనే నిలబడి పలకరిస్తుంది.

ఒటీలియా సూపు గిన్నె బల్ల మీద పెట్టి, కూర్చోకుండా నిలబడింది.

"చొక్కాలన్నీ అయ్యాయి యామిలే. నాది మాత్రం కనపడలేదు. దుకాణంలో మర్చిపోయారేమో?"

అర్నుల్ఫో తల వంచి సూపులోకి చూడసాగాడు.

"అయ్యో వదినా!" అంది యామిలే. "మీరూ వస్తారనుకున్నారా? ఏమండీ, మీరు చెప్పలేదా?"

"చెబుదామనే..." అని నసిగాడు అర్నుల్ఫో. "అక్కా, పక్క ఊరు పాయిపాకు కారులో వెళ్తేనే నీకు కడుపులో తిప్పుతుంది. విమానం నీ వల్ల ఏమవుతుంది చెప్పు?"

"విమానం నేను ఎప్పుడు ఎక్కాను, నా వల్ల కాదని తెలియడానికి?"

"అక్కడి ఎండకు తట్టుకోలేవే."

"పొయ్యి దగ్గర తట్టుకోవడం లేదూ?"

కరోల్ కిసుక్కున నవ్వింది. "అమ్మా, అత్త ఈతబట్టలు కూడా కొనుక్కుంది తెలుసా! నేను చూశాను. కుచ్చుల పావడా ఉంటుంది దానికి." అని పరుగున వెళ్ళి, ఒటీలియా పరుపు కింద దాచుకున్న ముదురు నీలం ఈతదుస్తులు తెచ్చి రెండు చేతులతో పట్టి ఊపింది. ఎస్తీవెన్ ఈల వేశాడు. నవ్వు ఆపుకోలేక యామిలే తన శాలువా కొంగును నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఈ వయసులో ఎవరికి చూపిద్దామని వదినా? అక్కడి చేపలు బెదిరి పారిపోవూ!"

అర్నుల్ఫో కూడా నవ్వాడు. పెద్దగా ఏం కాదు, పెళ్ళాం నవ్విందని నవ్వాడు. ఒటీలియా చూసింది ఆ చిన్న నవ్వునే.

"దాన్ని ఎందుకు తీసుకెళ్ళడం లేదో నేను చెబుతా," అంది కిటికీ దగ్గర నుంచి బెరెనీసె. "అది వస్తే నన్ను కడిగేది ఎవరు? ఆ మాట అనడానికి సిగ్గుపడి కడుపులో తిప్పుతుందనీ, ఎండ అనీ కథలు చెబుతున్నారు."

"నువ్వు ఊరుకో అమ్మా!" అని కసిరింది యామిలే. తర్వాత ఒటీలియా వైపు తిరిగింది. ఈసారి గొంతులో తేనె లేదు. "అయినా వదినా, ఆచారమే చెప్పడం లేదూ? మొన్న కొత్త సంవత్సరానికి మీ పెట్టె తిప్పింది ఎవరు? మా కరోల్. మీరు గడప దాటలేదు. ఎవరు మోస్తే వాళ్ళదే ప్రయాణం. ఇందులో మా తప్పేముంది?"

ఆ మాట ఒటీలియాకు తగిలింది. తగలడమే కాదు, నిజమే కదా అనిపించింది. అన్నేళ్ళలో ఆ ఒక్క ఏడు తను పెట్టె పట్టుకోలేదు. అందుకే కాబోలు అనుకుంది పిచ్చిది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈతదుస్తులు మేనకోడలి చేతిలోంచి తీసుకుని, మడత పెట్టి, శాలువా కింద దాచుకుంది.

"సూపు చల్లారిపోతుంది, తినండి," అంది.

"అన్నట్టు వదినా," అని వెనక నుంచి పిలిచింది యామిలే, "ఆ పెట్టె మాకు ఇవ్వండి. ఖాళీగానే ఉందిగా. తువ్వాళ్ళకు చోటు చాలడం లేదు."

ఒటీలియా వెనక్కి తిరగలేదు. "బయల్దేరే రోజు నేనే తెచ్చిస్తాను," అంది.

ఆ తర్వాత ఆమె ఒక్క మాట తూలలేదు. వంట చేసింది, బట్టలు సర్దింది, కరోల్ చెప్పుల పట్టీ కుట్టిచ్చింది. గొడవ చల్లారిందని అర్నుల్ఫో ఊపిరి పీల్చుకున్నాడు. ఆడది ఏడవకపోతే బాధ లేదనుకునే మగవాళ్ళు మా ఊళ్ళోనూ తక్కువ లేరు.

బయల్దేరే రోజు వచ్చింది. పొద్దున్నే ఒటీలియా బెరెనీసెకు నీళ్ళు పోసి, పొడి బట్టలు వేసి, జుట్టు దువ్వి, గంజి తాగించింది. మూతి తుడుస్తూ చెవిలో ఏదో చెప్పింది.

"పో," అంది బెరెనీసె. "నా కూతురు నా గుడ్డలు మారుస్తుంటే చూడాలని నాకూ సరదాగా ఉంది."

"మీకు కష్టమవుతుంది పిన్నీ."

"అవుతుంది. అయినా పో. కష్టపెట్టేది నా కడుపున పుట్టిందేగా, నేనే పడతాను."

వాకిట్లో నారింజ చొక్కాలు వేసుకుని అందరూ టాక్సీల కోసం నిలబడ్డారు. ఒటీలియా లోపలి నుంచి వచ్చింది. చర్చికి వేసుకునే నల్ల కోటు, తలకు టోపీ, చేతిలో తోలు పెట్టె.

"ఇటివ్వండి వదినా, తువ్వాళ్ళు సర్దుతాను," అని చేయి చాచింది యామిలే.

"ఉండమ్మా. కొత్త సంవత్సరానికి తప్పిపోయిన చుట్టు ఒకటి ఉంది. తిరిగి వస్తాను."

అందరూ ఘొల్లుమన్నారు. "తిరగనివ్వండి పాపం!" అన్నాడు యామిలే అన్న. కరోల్ ఫోను తీసి వీడియో పట్టింది. పట్టపగలు, నడి జూన్‌లో ఆ మనిషి పెట్టె పట్టుకుని నడుస్తుంటే వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. రొట్టెల కొట్టు ఎల్సా అయితే నడుం మీద చేతులు పెట్టుకుని కేక వేసింది.

"ఏం ఒటీలియా, ఇవాళే ద్రాక్షపళ్ళు తిన్నావా? కొత్త సంవత్సరం నాకు చెప్పకుండా వచ్చేసిందే!"

"నాకు ఆలస్యంగా వచ్చింది ఎల్సా," అంది ఒటీలియా నవ్వకుండా.

ఆమె చుట్టు పూర్తి చేసి ఇంటి ముందుకు వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. యామిలే మళ్ళీ చేయి చాచింది. ఒటీలియా ఆ చేతి పక్కనుంచే నడిచి ముందుకు వెళ్ళిపోయింది. ఇల్లు దాటింది. మలుపు తిరగకుండా, బస్సుల అడ్డాకు పోయే రోడ్డు మీద నేరుగా నడిచింది. చప్పట్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

"మీ అక్క ఎటు పోతోందండీ?" అంది యామిలే.

అర్నుల్ఫో పరుగెత్తి అడ్డా గేటు దగ్గర అందుకున్నాడు. సముద్రం ఒడ్డునున్న శాంతా మార్తాకు పోయే బస్సు ఇంజను ఆడుతోంది. దాని బాడీ అతని షెడ్డులోనే కట్టింది. డ్రైవరు ఒటీలియాను గుర్తుపట్టి నమస్కారం పెట్టాడు.

"అక్కా, ఏమిటిది? విమానానికి టైమవుతోంది. నువ్విలా పోతే అత్తయ్యను ఎవరు చూస్తారు?"

"దారిపొడుగునా పరుగెత్తుకొచ్చి అడిగిన మాట ఇదా?" అంది ఒటీలియా.

అతను పెట్టె పిడి పట్టుకున్నాడు. "తప్పైందే. నీకు తర్వాత టిక్కెట్టు తీస్తాను. ఇంటికి పద. ఇలా ఇవ్వు, నేను మోస్తాను."

"వదులు నాయనా. ఎవరు మోస్తే వాళ్ళదే ప్రయాణమంది నీ పెళ్ళాం. మొన్న నేను మోయలేదు. ఎందుకు మోయలేదో ఆమెకు తెలియదు. నీకు తెలుసు."

అర్నుల్ఫోకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ రాత్రి అతను తాగి, పంది మాంసం మెక్కి, కడుపునొప్పితో స్నానాలగదిలో నేల మీద పడి ఉన్నాడు. బయట టపాసులు, కేకలు, పెట్టెల చక్రాల చప్పుడు. యామిలే వీధిలో ఆడుతోంది. అతని తల ఒడిలో పెట్టుకుని, వాంతి తుడుస్తూ ఒటీలియా కూర్చుని ఉంది. "పోవే అక్కా, పెట్టె తిప్పాలిగా," అన్నాడు తను. "నువ్వు బతికితే వచ్చే ఏడు తిప్పుకుంటాలే," అంది ఆమె. ఆ మాట విన్నవాడు తనొక్కడే. భోజనాల బల్ల దగ్గర ఆ ఒక్క మాట చెప్పి ఉంటే యామిలే నోరు మూతపడేది. తను చెప్పలేదు, పైగా నవ్వాడు.

పిడి మీద అతని వేళ్ళు వదులయ్యాయి. నారింజ చొక్కాలో, బస్సు డ్రైవర్ల మధ్య, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఒటీలియా అలవాటు కొద్దీ కోటు జేబులోంచి చేతిరుమాలు తీసి అతని ముక్కు తుడిచింది.

"నన్ను క్షమించవా అక్కా?"

"ముందు సముద్రం చూడనీ. తర్వాత ఆలోచిస్తాను," అని బస్సెక్కింది. తల్లిలా పెంచిన మనిషి ఆ మాటను ముద్దుగా అనలేదు. కిటికీ పక్క కూర్చుని పెట్టె ఒళ్ళో పెట్టుకుంది. కిందికి చూడలేదు.

అర్నుల్ఫో ఇంటికి వచ్చేసరికి టాక్సీలు హారన్లు కొడుతున్నాయి. యామిలే గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"పెట్టె ఏదండీ?"

అప్పుడే లోపలి నుంచి గట్టిగా పిలుపు వినిపించింది. ఎన్నాళ్ళ నుంచో ఆ ఇంట్లో ఆ గొంతు ఒక్క ఒటీలియా పేరే పిలుస్తూ వచ్చింది.

"యామిలే! రావే అమ్మా, తడిసిపోయింది."

యామిలే గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. చేయి ముక్కు దాకా వెళ్ళి అక్కడే ఆగింది. కరోల్ ఫోను కిందికి దించింది.

"మీరందరూ వెళ్ళండి," అన్నాడు అర్నుల్ఫో. "నేను ఆగిపోతాను."

"మీరా?" అంది యామిలే. "ఆమె మా అమ్మ కదండీ."

ఇద్దరూ లోపలికి వెళ్ళారు. మంచం, అలమర, కిటికీ అన్నీ అద్దంలా ఉన్నాయి. పొడి గుడ్డలు ఎక్కడ ఉంటాయో మాత్రం వాళ్ళిద్దరికీ తెలియలేదు. ఒక సొరుగు లాగారు, ఇంకొకటి లాగారు. బెరెనీసె కుర్చీలో కూర్చుని తన కూతురు వెతుకుతూ ఏడవడం చూస్తూ ఉంది. చాలాసేపటి దాకా గుడ్డలు ఎక్కడున్నాయో చెప్పలేదు.