కారు రేడియోలో నిప్పు

"ఆరింటికి ఆపరేషన్. ఆయన మళ్లీ కళ్లు తెరుస్తారో లేదో తెలీదు సార్. ఈలోపు నిజం ఆయన చెవిన పడాలి."

రేడియో మెకానిక్ చేతులు జోడించాడు. డిటెక్టివ్ గడియారం చూశాడు. మూడు దాటింది. అసిస్టెంట్ నోట్‌బుక్ తెరిచి మెకానిక్ చెప్పేది రాసుకోసాగింది.

అతనికి పని నేర్పిన గురువు, రేడియో షాపు యజమాని అయిన పెద్దాయనకు ఓ పాతకాలం కారుంది. దాని అసలు రేడియోలో అతను మొన్ననే బ్లూటూత్ బోర్డు అమర్చాడు. నిన్న కారు తగలబడింది. ఆర్పబోయిన పెద్దాయన ఒళ్లు కాలింది. కొత్త బోర్డే నిప్పు రాజేసిందని ఆయన మేనల్లుడు అందరికీ చెప్పాడు. ఆ శిష్యుడి మొహం నాకు చూపించొద్దని పెద్దాయన ఆసుపత్రి మంచం మీంచే అన్నాడట.

"నన్ను జైల్లో వేసినా సరే సార్. నాది చేతకాని పని అనుకుంటూ ఆయన పోకూడదు."

షెడ్డులో కారు డాష్‌బోర్డు బొగ్గయి ఉంది. డిటెక్టివ్ బానెట్ ఎత్తి వంగి, బ్యాటరీ పక్కన రేడియోకని వేరుగా పెట్టిన ఫ్యూజు ఊడదీసి వెలుతురులో చూశాడు. లోపలి తీగ చెక్కుచెదరలేదు.

కారు కోసం తెచ్చిన పెట్రోలు డబ్బా నిన్నటి నుంచి కనబడటం లేదని పెద్దాయన డ్రైవర్ నసిగాడు. షాపు తన శిష్యుడికేనని పెద్దాయన మొన్న అందరి ముందూ తేల్చేసిన సంగతీ అతనే బయటపెట్టాడు.

మేనల్లుడు మాత్రం విసుక్కున్నాడు. "ఎన్నిసార్లు చెప్పాలండీ? తాళం తిప్పీ తిప్పగానే నా ఫోన్లో పాట రేడియోలో మోగింది. ఆ వెంటే మంట. దిగి పరుగెత్తాను. వీడి బోర్డుకి దండెయ్యమంటారా?"

"మొత్తం ఎంతసేపు?"

"రెండు సెకన్లు."

డిటెక్టివ్ మెకానిక్‌ని పక్కకు పిలిచి, పాత వాల్వులు తీసేశావా అని అడిగాడు. తియ్యలేదన్నాడు. రేడియో పాత గొంతు పోకూడదని పెద్దాయన పట్టుబట్టాడట. బోర్డు అందుకున్న పాట కూడా ఆ గాజు వాల్వుల్లోంచే రావాలి. అవి వేడెక్కితేగానీ శబ్దం రాదు, అందుకు అరనిమిషం పడుతుంది.

ఐదింటికి ఇన్‌స్పెక్టర్‌తో సహా అందరూ షెడ్డులో ఉన్నారు.

"బోర్డు కాలితే ముందు ఈ ఫ్యూజు తెగేది," అన్నాడు డిటెక్టివ్. "తెగలేదు. నిప్పు బయటినుంచే వచ్చింది. ఇక పాట సంగతి. ఈ రేడియో అరనిమిషం దాకా నోరు విప్పదు. రెండు సెకన్లలో విన్నానన్న మనిషి దాన్ని ఎప్పుడూ విననేలేదు. బోర్డు కొత్తది కదా, వెంటనే మోగుతుందనుకుని అబద్ధం అల్లాడు. పాటే విననివాడు కార్లో ఏం చేస్తున్నాడు? కనబడకుండా పోయిన ఆ డబ్బాలోని పెట్రోలు పోస్తున్నాడు. శిష్యుడి పేరు చెడితే షాపు తనకొస్తుందని."

మేనల్లుడి మొహంలో నెత్తురు చుక్క లేదు. "కారొక్కటే కాలుతుందనుకున్నా. మామయ్య మంటల్లోకి వస్తాడని నాకేం తెలుసు?"

అప్పటికే మెకానిక్ వీధిలో పరుగెడుతున్నాడు.

ఆపరేషన్ గది ముందు స్ట్రెచర్ ఆగి ఉంది. మెకానిక్ ఆయాసంతో గోడకు ఆనుకున్నాడు. జరిగింది వెనకే వచ్చిన అసిస్టెంటే వంగి, పెద్దాయన చెవిలో నాలుగు ముక్కల్లో చెప్పింది. ఆయన కళ్లు తెరవలేదు. పెదాలు మాత్రం కదిలాయి.

"రేపు నువ్వే షాపు తియ్యాలి. ఇక్కడ కూర్చుని ఏడవకురా."

స్ట్రెచర్ లోపలికి వెళ్లింది. మెకానిక్ మూసుకున్న ఆ తలుపుల ముందే కూలబడి, చెప్పిన మాట వినకుండా ఏడ్చాడు.