తవిటయ్య పాతపేరు

చేపల గంప నెత్తినెట్టుకుని వీధులు తిరిగే గంగాలమ్మకి నడుం నొప్పి ఏళ్ళ తరబడి ఉంది. ఈమధ్య గంప ఎత్తితే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. గంప ఎత్తకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకే ఆ మధ్యాహ్నం ఆడపడుచు చిట్టెమ్మ ఆమెని హార్బరు వెనక సందులో తవిటయ్య ఇంటికి నడిపించుకొచ్చింది. నడుం పట్లు చేత్తో తీసే ముసలాయన.

“ఒదినా, ఓ మాట,” గుమ్మం బయటే గొంతు తగ్గించింది చిట్టెమ్మ. “తాతకి ముందు పుట్టినోళ్ళంతా పురిట్లోనే పోయారట. ఈయనకి అప్పన్నని పేరెట్టారు. ఈడూ పోతాడని బయపడి, ఆళ్ళమ్మ చేటెడు తవుడికి అమ్మీసి, తవిటయ్యని పిల్సుకుంది. పాతపేరు ఇంటే ఆ పోయినోళ్ళొచ్చి ఈయన్ని తీసుకుపోతారట, ఇక్కడ ఎత్తకూడదు.”

“నానెందుకు ఎత్తుతానే! నా నొప్పి నాకే సాల్దేటి?”

లోపల ఆముదం వాసన, తడిగోడల వాసన. మబ్బు కమ్మి గదంతా మసకబారింది. వాన మొదలైంది. ఎక్కడో ఓడ కూసింది. గంగాలమ్మ చాప మీద బోర్లా పడుకుంది. తవిటయ్య వెచ్చటి ఆముదం పోసి, బొటనవేళ్ళతో వెన్నుపూస పక్కనే నొక్కుకుంటూ దిగాడు.

“ఇక్కడేనా?”

“ఇంకా కిందకి తాతా...”

“ముడి దొరికింది. ఓర్సుకో. అమ్మా అను, అయ్యా అను. దేవుణ్ణి మాత్రం పిలవకు.”

మోచెయ్యి దిగింది. నొప్పి నిప్పులా అరికాళ్ళదాకా పాకింది. ఆ ఊళ్ళో ఎవరికి ఏ నొప్పొచ్చినా నోటికొచ్చే మాటే ఆమెకీ వచ్చేసింది.

“అప్పన్నా! సింహాద్రప్పన్నా!”

తవిటయ్య చేతులు ఆగిపోయాయి.

వాన చప్పుడూ ఆగిపోయింది...

అప్పుడు ఆమె నడుం మీద వేరే చేతులు పడ్డాయి. చిన్నవి. చల్లగా... నీళ్ళలో నానినట్టు. ఒక జత... ఇంకో జత... ఆమె మీదుగా తవిటయ్య వైపు పాకాయి.

“ఒద్దర్రా... నాను తవిటయ్యని...”

కటుక్.

చిట్టెమ్మ కేక పెట్టింది. గోడకేసి ఏదో బాదిన చప్పుడు. మళ్ళీ బాదిన చప్పుడు. వెచ్చటి రక్తం ఆముదంలో కలిసి గంగాలమ్మ వీపు మీంచి జారింది. తల తిప్పి చూసింది. ముసలాయన నడుం, తడిబట్ట పిండినట్టు మెలిపెట్టి, వెనక్కి మడిచేసి ఉంది. తల మడమలకి తగుల్తోంది. నోరింకా ఆడుతోంది.

“తవిటయ్యని... తవిట...”

గంగాలమ్మ లేచి పరుగెత్తింది. సందు చివరకొచ్చాక గానీ తెలీలేదు. నడుం నొప్పి లేదు.

కొన్నాళ్ళకి భయం దిగమింగి గంప ఎత్తింది. దూదిలా లేచింది. చేపలన్నీ అమ్మేసి, ఇంటిముందు గంప దించుకుందామని వంగబోయింది. వంగలేకపోయింది. చల్లటి వేళ్ళు నడుం పట్టుకుని నిటారుగా నిలబెట్టేశాయి.

“చిట్టీ... గంప దించవే...”

అరుగు మీద నిలబడున్న చిట్టెమ్మ గంపలోకి చూసింది. దగ్గరకి రాలేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వెనక్కి... వెనక్కి జరిగింది.

నెత్తి మీద, ఖాళీ గంపలో, ఏదో పసిబిడ్డలా, బరువుగా అటునుంచి ఇటు పొర్లి పడుకుంది.