ఆ బండిలో అనకూడని మాట

కిష్టవ్వ నోట్లో పదకొండు పళ్లే మిగిలాయి కానీ, మాటల్లో ఒక్కటీ ఊడలేదు. వాటిలో మరీ గట్టిది 'పోనియ్'. పాలు విరిగితే పోనియ్. కోడలు స్నేహలత మూతి ముడిస్తే పోనియ్. ఆటో ఎక్కితే డ్రైవరు భుజం తట్టి, పోనియ్ బిడ్డా! వదిలెయ్యమన్నా అదే మాట, ముందుకు నడపమన్నా అదే మాట. మామూలు రోజున లక్షసార్లు అనేది. పండగపూట లెక్కపెట్టే ధైర్యం ఎవరికీ లేదు.

కొడుకు పరశురాం కోర్టు దగ్గర జిరాక్స్ దుకాణం నడుపుతాడు. ఇరవై రోజుల కింద గన్‌ఫౌండ్రీలో వామన్‌రావు అనే పెద్దమనిషి దగ్గర పాత కారు కొన్నాడు. పెళ్లాన్ని ఎక్కించాడు, బిడ్డను ఎక్కించాడు, పక్కింటివాళ్ల గ్యాసుబండను కూడా ఎక్కించాడు. కన్నతల్లిని మాత్రం ఎక్కించలేదు. అడిగినప్పుడల్లా టైరు అనేవాడు, బ్యాటరీ అనేవాడు. ఆ ఆదివారం మనవరాలు చంద్రికకు బడిబూట్లు కొనడానికి ఆబిడ్స్ వచ్చినప్పుడు కూడా అంతే. వాడూ పిల్లా కారులో, కిష్టవ్వ వెనకాల ఆటోలో.

బూట్లు కొని బయటికి వచ్చేసరికి మబ్బు కమ్మింది. ఆరు కూడా కాలేదు, అమావాస్య అర్ధరాత్రిలా ఉంది. ఒక్కో చినుకు కొబ్బరికాయంత. పాత పుస్తకాలవాళ్లు ఫుట్‌పాత్ మీద పట్టాలు కప్పేసి దుకాణాల అరుగులెక్కారు. ఒక్క ఆటో ఆగితే ఒట్టు.

"ఎక్కమ్మా" అన్నాడు పరశురాం, ఉరికంబం ఎక్కమన్నట్టు. "ఎక్కు గని... ఇంటికి పోయేదాక నోరు తెరవకు."

"ఏంది రా, నీ కారుల మాటలకు గూడ కిరాయి తీస్కుంటవా?"

వెనక సీట్లో కూర్చుంది. ఆరేళ్ల చంద్రిక ముందు సీట్లో కొత్త బూట్లు చాపుకుని మురిసిపోతోంది. తలుపులు మూయగానే వాన చప్పుడు దూరమైంది. లోపల ఒక వాసన. తడి ఇనుము, తడి వెంట్రుకలు, వాటి అడుగున ఇంకేదో... కోడిని కోసిన చోట నీళ్లు పోసి కడిగాక కూడా మిగిలిపోయే వాసన. కాళ్ల కింద రేకు ఒకసారి మెల్లగా ఉబ్బి, మళ్లీ దిగింది. నిద్రలో పక్కకు ఒత్తిగిలినట్టు.

ఆబిడ్స్ చౌరస్తా దాటుతుండగా ఒక ఆటో రాసుకుంటూ పోయింది. పరశురాం అద్దం దించి తిట్లు అందుకోబోయాడు. వెనక నుంచి కిష్టవ్వ, అలవాటు కొద్దీ, మెత్తగా అంది.

"పోనియ్ తియ్ బిడ్డా. గీత వడ్డది, గంతే గద."

ఇంజను చప్పుడు ఆగింది. చెవి ఒగ్గి విన్నట్టు ఆగింది.

తర్వాత కారు ముందుకు ఎగిరింది.

కిష్టవ్వ తల సీటుకు కొట్టుకుంది. ముందున్న స్కూటరు బానెట్ మీదికి లేచి, అద్దాన్ని బీటలు వార్చి, పక్కకు పడింది. పరశురాం రెండు కాళ్లతో బ్రేకు తొక్కుతున్నాడు. నిలబడి తొక్కుతున్నాడు. బండి ఇంకా లేస్తోంది.

"ఆపు రా! పిల్ల ఉన్నది!"

"నేను కాదమ్మా... నా కాలు దాని మీద లేదు!"

కిష్టవ్వ ముందుకు వంగి చూసింది. నిజమే. కొడుకు పాదాలు రెండూ బ్రేకు మీదే ఉన్నాయి. పక్కనున్న ఆక్సిలేటరు ఒంటరిగా, అడుగుదాకా దిగిపోయి ఉంది. పైనుంచి తొక్కినట్టు కాదు... కింది నుంచి గుంజినట్టు.

"ఏం బండి కొన్నవ్ రా! అగ్గువకొచ్చిందా? సరే, పైసలు పోతె పోనియ్..."

బండి రెండోసారి లేచింది. స్పీడు ముల్లు అంకెలన్నీ దాటేసి, ఇంకెక్కడికి పోవాలో తెలియక వణికింది. మొజంజాహీ మార్కెట్ మలుపులో దానిమ్మపండ్ల బండిని నిలువునా చీల్చింది. పండ్లు పగిలి అద్దం మీద ఎర్రగా కారాయి. వాటి వెనక ఒక మనిషి ముఖం అద్దానికి కొట్టుకుని జారిపోయింది. ఆ ఎరుపులో ఏది పండో, ఏది కాదో... పరశురాం హ్యాండ్ బ్రేకు లాగితే ఊడి చేతిలోకి వచ్చింది. స్టీరింగు మూతిని కొట్టి, పళ్లు రెండు ఒళ్లో రాలాయి.

"అమ్మా, ఆ మాట అనకే!" నెత్తురు ఉమ్ముతూ ఏడ్చాడు. "ఆ వామన్‌రావు మొదలే చెప్పిండు. ఈ బండి కింద ఒకడు వడ్డడట. ఇంక పానముండె. లోపటోళ్లు దిగలే. పోనియ్ పోనియ్ అని మీదికెల్లి ఎక్కిచ్చుకపోయిన్రట. అప్పటిసంది ఎవ్వలన్న గా మాటంటే..."

"నాకెందుకు చెప్పలే రా!"

"చెప్తే నీ నోరు ఆగుతదా అమ్మా?"

కిష్టవ్వ కొంగును ఉండ చేసి నోట్లో కుక్కుకుంది. గొంతుదాకా కుక్కుకుంది. వాంతి వచ్చినా తీయలేదు. చంద్రిక అరుపులు మాని, కళ్లు పెద్దవి చేసి తన కాళ్ల వైపే చూస్తోంది.

నాంపల్లి స్టేషను దారిలో బండి మెల్లబడింది.

ఆగింది.

లైట్ల వెలుగులో రోడ్డుకు అడ్డంగా ఒక మనిషి బోర్లా పడి ఉన్నాడు. చుట్టూ మోకాలిలోతు వాన నీళ్లు పారుతున్నాయి. అతని కింద మాత్రం రోడ్డు పొడిగా ఉంది.

ఒక చెయ్యి లేచింది. ఆగమన్నట్టు.

వెనక నుంచి అరుపులు. మార్కెట్ జనం ఉరికి వస్తున్నారు. ముందున్నవాడి ముఖం సగం నెత్తురు, చేతిలో ఇనపరాడ్. లోపలి నుంచి ఎంత నెట్టినా తలుపులు తెరుచుకోవడం లేదు.

"అమ్మా..." పరశురాం గుసగుసగా అన్నాడు. "ఒక్కపారి... ఆ మాట అను. పోదాం. మనల్ని సంపుతరు."

కిష్టవ్వ కొంగు తీసింది. నాలుక కొసన ఆ మాటే ఉంది. అరవై ఏళ్లుగా అక్కడే కాపురం ఉంది కదా! మనవరాలిని చూసింది. రోడ్డు మీది చెయ్యిని చూసింది.

"దిగుతున్నం నాయనా" అంది, అతనితో. "ఇడిచిపెట్టి పోము."

టక్... నాలుగు తలుపులూ ఒక్కసారే తెరుచుకున్నాయి.

కిష్టవ్వ వానలోకి దూకి ముందు తలుపు దగ్గరికి పోయింది. పిల్ల రెక్క పట్టి లాగింది. రాలేదు.

"బాపమ్మా..." చంద్రిక చెవిలో అంది. "కింద... పట్టుకున్నడు."

కిష్టవ్వ తలుపుకు కాలు తన్నిపెట్టి, ఏనుగును లాగినట్టు లాగింది. కొత్త బూటు లోపలే ఉండిపోయింది. పిల్ల ఊడి వచ్చి మీద పడింది.

"దిగు కొడుకా! నువ్వు గూడ దిగు!"

పరశురాం అద్దంలో రాడ్లను చూశాడు. తల్లిని చూశాడు. దిగలేదు.

"పోనియ్!" అని అరిచాడు. "పోనియ్!"

బండి పోయింది. ముందు చక్రం ఎత్తు ఎక్కి దిగింది. వెనక చక్రం ఎక్కి దిగింది. ఎండుకట్టెలు విరిగిన చప్పుడు. ఆ తర్వాత స్టేషను దారిలో ఒక రాతిగోడ, దానికి గుద్దుకున్న ఇనుము, హైదరాబాద్ అంతా ఉలిక్కిపడే చప్పుడు... అందులో సన్నగా, చాలాసేపు, కొడుకు కేక.

జనం రాడ్లు కింద పడేసి, రేకు కోసి వాణ్ని బయటికి తీయాల్సి వచ్చింది. రెండు కాళ్లూ మోకాళ్ల కింద పిండి అయ్యాయి. దవాఖానలో ప్రాణం నిలబెట్టారు. వాడు ఇప్పుడు మాట్లాడడు. కిష్టవ్వా మాట్లాడదు. రోడ్డు మీద పడుకున్న మనిషిని తాము చూడనే లేదన్నారు జనం.

పిల్ల దక్కింది కదా అని స్నేహలత దేవుడికి కొబ్బరికాయ కొట్టింది. దక్కిందనే కిష్టవ్వా అనుకుంది. ఆ రాత్రి చంద్రిక కుడి మడమ చుట్టూ నీలంగా అయిదు వేళ్ల అచ్చు కనబడింది. గట్టిగా పట్టుకుంటే కములుతుంది, మానుతుంది.

గురువారానికి అది మడమ దగ్గర లేదు. పిక్క మీద ఉంది.

ఈ పొద్దున నీళ్లు పోస్తూ చూసింది. పిక్క మీది చెయ్యి అలాగే ఉంది.

మోకాలి పైన, ఇంకా ఎర్రగా, రెండో చెయ్యి.