పగిలిన కల్చర్ సీసాలు

ఆరు సీసాలూ ముక్కలై నేలమీద పడి ఉన్నాయి.

1974 మే నెల. పటమటలోని ఆ ప్రైవేటు పరిశోధనశాలలో ఉదయం ఎనిమిదింటికే ఉక్కపోత. ఇన్‌స్పెక్టర్ అచ్యుతరామారావు గుమ్మంలో ఆగాడు. లోపల డాక్టర్ వెంకటకృష్ణారావు గాజుపెంకులు ఏరి పళ్లెంలో వేస్తున్నాడు. అతని వేళ్లు తడిసి ఉన్నాయి.

“లోపలికి రాకండి! ప్రాణమున్న కుష్టు క్రిములవి. ప్రపంచంలో ఎవరూ సీసాలో పెంచలేకపోయారు. నేను పెంచాను. మధ్యాహ్నం రైల్లో మద్రాసు నుంచి నిపుణులు దిగుతున్నారు. వాళ్లకేం చూపించమంటారు?”

“ఎవరిమీదైనా అనుమానమా?”

“అనుమానమేమిటండీ! అదుగో, వరండాలో నిలబడింది.”

రూతు అతని సహాయ పరిశోధకురాలు. ఎమ్మెస్సీ చదివింది. కళ్లలో నీళ్లు లేవు, కోపముంది.

“దీని తల్లి కుష్టు రోగి. ఆ సంగతి దాచి నా దగ్గర చేరింది. కంప్లైంటులో అదీ రాశాను. అరెస్టు చెయ్యండి.”

“దాచలేదండీ, మీరడగలేదు. మా అమ్మకి నయమై ఏళ్లయింది.”

“నిన్న మీ ఇద్దరికీ గొడవైందని కంప్లైంటులో ఉంది. ఎందుకొచ్చిందమ్మా?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“ఇవి కుష్టు క్రిములు కావన్నానండీ. అసలు క్రిమి రెండుగా చీలడానికే సుమారు రెండు వారాలు పడుతుంది. ఇవి నాలుగు రోజుల్లో సీసా నింపేశాయి. మట్టిలోనో నీళ్లలోనో ఉండే మామూలు క్రిమి చేరి ఉంటుంది. రంగు వేస్తే రెండూ ఎర్రగానే కనిపిస్తాయి. గుడ్డు మీడియం అని, గుడ్డుతో చేసే క్రిముల ఆహారం ఉంటుంది; దానిమీద వేస్తే మామూలు క్రిమి ఒక్కటే పెరుగుతుంది.”

“ఉద్యోగమిచ్చిన పాపానికి నాకే పాఠాలు!”

అచ్యుతరామారావు ఎవరి మాటా నమ్మలేదు. కంటికి కనిపించేదాన్ని నమ్మడం అతని అలవాటు. వంగి నేలను చూశాడు.

“బాగున్న సీసాలో ద్రవం ఎలా ఉంటుందమ్మా?”

“తేటగా, గులాబి రంగులోనండీ. అందులో దూడ నెత్తురు నుంచి తీసిన సీరం కలుపుతాం.”

నేలమీది ద్రవం తేటగా లేదు. ఉడికిన గుడ్డు సొన లాంటి తెల్లని తరకలు అందులో కనిపించాయి.

“డాక్టర్‌గారూ, మీ గ్లౌజులేవి?”

డాక్టర్ చెయ్యి ఆగిపోయింది. ఇన్‌స్పెక్టర్ నేలమీది తరకలు చూపించాడు.

“సీరం ఉడికితేనే ఇలా గడ్డకడుతుంది. అంటే సీసాలను ముందు ఆవిరిలో ఉడికించి, తరవాత పగలగొట్టారు. కక్ష ఉన్నవాడు పగలగొట్టి పోతాడు, ఉడికించడు. ఉడికించే అవసరం ఒక్కరికే ఉంది. ఆ క్రిములు బతికుంటే, నేలమీది ఒక్క చుక్కతో మద్రాసువాళ్లు వాటిని మామూలు గుడ్డు మీడియం మీద పెంచి చూపిస్తారు. కుష్టు క్రిమి దానిమీద పెరగదు. మీ గొప్ప నాలుగు రోజుల్లో తేలిపోతుంది. అవునా?”

“ఉడికించింది ఆ పిల్లే కావచ్చుగా!”

“కావచ్చు. కానీ ప్రాణమున్న క్రిములని నన్ను గుమ్మంలో ఆపి, మీరు ఉత్త చేతులతో గాజు ఏరుతున్నారే! అవి చచ్చిపోయాయని మీకెవరు చెప్పారు?”

డాక్టర్ తడి వేళ్లను చొక్కాకి తుడుచుకున్నాడు.

“నా సీసాలు నేను పగలగొట్టుకోవడం నేరమా?”

“కాదు. అబద్ధపు ఫిర్యాదు నేరం.”

డాక్టర్ రూతు వైపు చూడకుండా అన్నాడు: “కంప్లైంటు వెనక్కి తీసుకుంటాను. చాలా?”

“చాలదండీ. మా అమ్మ జబ్బును ఇందులోకి లాగారు. మద్రాసువాళ్ల ముందు అలా లాగడం తప్పని మీ నోటితో చెప్పండి.”

“చెప్పకపోతే?”

అచ్యుతరామారావు కుర్చీ లాక్కుని గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు.

“రైలొచ్చేదాకా నాకూ వేరే పనిలేదు లెండి.”